రంగు ఎక్కడ ఉంది?
(వార్షికోత్సవ వ్యాసరచన, చిత్రలేఖన పోటీల అంశంపై ఒక పాఠం)



ఈ సంవత్సరం మన బాలుర హాస్టల్‌కు, పక్కనున్న బాలికల హాస్టల్‌కు కలిపి జరిపిన వార్షికోత్సవ పోటీలకు అంశాలు నిర్ణయించే పనిని వార్డెన్ గారు నాకు అప్పగించారు. ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదువుకొని, ఇప్పుడు సైన్సు ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నాకు ఇది సంతోషకరమైన బాధ్యత. ప్రతి ఏడాది ఇచ్చే "పర్యావరణ పరిరక్షణ", "నా జీవిత ఆశయం" వంటివి కాకుండా ఈసారి వ్యాసరచనకు "రంగు ఎక్కడ ఉంది?" అనీ, చిత్రలేఖనానికి "మా అమ్మ పనిచేసే చోటు" అనీ ఇచ్చాను.

నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన రోజు సాయంత్రం స్టడీ అవర్‌లో చాలామంది నన్ను చుట్టుముట్టారు. "సార్, ఇది ఏ సబ్జెక్టులోది? గైడులో ఎక్కడా లేదు. రంగు వస్తువు మీద ఉంటుంది, అంతే కదా! మూడు పేజీలు ఏం రాయాలి?" అన్నారు. అయినా రాశారు. పోటీలు అయిపోయాయి, బహుమతులూ ఇచ్చేశాం. కాని మీ జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు నాకు ఒక ఆశ్చర్యం కలిగింది. మీలో చాలామంది మీకు తెలియకుండానే గొప్ప తత్వవేత్తలు చెప్పిన మాటలనే మీ మాటల్లో చెప్పారు. అందుకే మీ జవాబులనే ఆధారం చేసుకొని ఈ పాఠం రాస్తున్నాను. ఈ అంశాన్ని ఎందుకు ఎన్నుకున్నానో కూడా మధ్యలో చెబుతాను. అది నా తప్పు ఒకటి ఒప్పుకోవడమే.

మొదటి జవాబు: రంగు వస్తువులోనే ఉంది

కుమ్మరి కుటుంబం నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు ఇలా రాశాడు: పచ్చికుండ నల్లమట్టి రంగులో ఉంటుంది, ఆవంలో కాలిస్తే ఎర్రగా మారుతుంది. పొగ బయటికి పోకుండా మూసి కాలిస్తే నల్లకుండ వస్తుంది. మేము చూసినా చూడకపోయినా ఆవంలో కుండ రంగు మారుతూనే ఉంటుంది. కాబట్టి రంగు కుండలోనే ఉంది.

ఇది చాలా బలమైన వాదన. దీనికి వెనుక ఉన్న కారణం రసాయన శాస్త్రంలో ఉంది. మట్టిలోని ఇనుము గాలి బాగా ఆడేచోట కాలితే ఎర్రని ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. గాలి ఆడక పొగ కమ్మితే ఆ ఎరుపు రాదు, మసి పట్టి కుండ నల్లబడుతుంది.

విశేషం ఏమిటంటే, మన దేశపు ప్రాచీన తత్వవేత్తలు కూడా సరిగ్గా ఈ కుండనే తీసుకొని వాదించుకున్నారు. కాలినప్పుడు రంగు మారేది ఎక్కడ అన్నది వారి ప్రశ్న. కుండ విడిపోయి పరమాణువుల దగ్గరే రంగు మారి, అవి మళ్ళీ కూడి ఎర్రకుండ అవుతుందని వైశేషికులు చెప్పారు. దీనిని పీలుపాక వాదం అంటారు. కుండ కుండగా ఉండగానే మొత్తం రంగు మారుతుందని నైయాయికులు అన్నారు. ఇది పిఠరపాక వాదం. రంగు వస్తువుకు చెందిన గుణమేనన్న విషయంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు మన తెలుగు ప్రాంతపు పండితుడు. తర్కం నేర్చుకునే పిల్లల కోసం ఆయన రాసిన "తర్కసంగ్రహం" అనే చిన్న పుస్తకాన్ని దేశమంతటా తొలిపాఠంగా చదివారు. అందులో ఆయన రంగును "రూపం" అనే గుణంగా లెక్కించి ఏడు రకాలు చెప్పాడు. అవి తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం (గోధుమ వన్నె), చిత్రం. ఈ ఏడవదైన చిత్రం ఏమిటి? ఒక పోచంపల్లి చీరను ఊహించుకోండి. దారాలు వేర్వేరు రంగులు, మరి చీర మొత్తానిది ఏ రంగు? ఎరుపు అనలేము, తెలుపు అనలేము. రంగు అనే గుణం వస్తువు అంతటా వ్యాపించి ఉంటుందని వారి సిద్ధాంతం. అందుకే అలాంటి వస్తువుకు "చిత్రం" అనే ప్రత్యేకమైన రంగును ఒప్పుకున్నారు. ఒక చీరను చూసి ఇంత దూరం ఆలోచించవచ్చన్నమాట!

రెండవ జవాబు: రంగు వెలుతురులో ఉంది

తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకామె తమ ఇంటి పెళ్ళికి చీర కొన్న సంగతి రాసింది. షాపులో లైట్ల కింద వంకాయ రంగులా కనిపించిన చీర ఇంటికి తెచ్చి ఎండలో చూస్తే వేరేగా ఉందట. "అందుకే మా నాయనమ్మ ఏ చీరనైనా గుమ్మం బయటికి తెచ్చి చూసిగాని కొనదు" అని రాసింది. నాయనమ్మ గారు నిజంగా ప్రయోగశాస్త్రవేత్త!

చీర మారలేదు, చూసే కళ్ళు మారలేదు, వెలుతురు మారింది. రంగు కూడా మారింది. మరి రంగు చీరలో ఉందని ఎలా అంటాం?

ఇంగ్లండుకు చెందిన ఐజాక్ న్యూటన్ చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా సూర్యకిరణాన్ని రానిచ్చి పట్టకం మీద పడేటట్లు చేశాడు. గోడ మీద రంగుల పట్టీ ఏర్పడింది. అందులోంచి ఒక్క రంగు కిరణాన్ని తీసుకొని రెండవ పట్టకం గుండా పంపితే అది మళ్ళీ విడిపోలేదు. రంగులను పుట్టించేది పట్టకం కాదనీ, తెల్లని కాంతిలోనే అవి కలిసి ఉన్నాయనీ దీనివల్ల తేలింది. ఈ సంగతిని ఆయన 1672లో ప్రకటించాడు, 1704లో "ఆప్టిక్స్" అనే గ్రంథంలో వివరంగా రాశాడు. ఆకు తన మీద పడిన తెల్లని కాంతిలో ఎరుపు, నీలం భాగాలను ఎక్కువగా పీల్చుకొని ఆకుపచ్చ భాగాన్ని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. అంటే ఆకు తనలో ఉంచుకోకుండా విడిచిపెట్టిన దానినే మనం ఆకు రంగు అంటున్నాం!

మీరే చేసి చూడండి. రాత్రి లైట్లు ఆర్పి, టార్చిలైటు ముందు ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టి ఆ వెలుతురులో పచ్చని ఆకును చూడండి. ఆకు దాదాపు నల్లగా కనిపిస్తుంది. వెనక్కి పంపడానికి దానికి ఆకుపచ్చ కాంతి అందలేదు మరి.

ఇంకొక ఉదాహరణ. ఆకాశం నీలంగా ఉంటుంది. కాని పైన నీలిరంగు పూసిన వస్తువు ఏదీ లేదు. సూర్యకాంతిలోని నీలి భాగం గాలి అణువుల వల్ల ఎక్కువగా చెదిరి నలుదిక్కుల నుంచి మన కంటికి చేరుతుంది. దీనిని 1871లో లార్డ్ రేలీ వివరించాడు. సముద్రం నీలంగా ఉండడానికి కారణం ఆకాశపు ప్రతిబింబమేనని అప్పట్లో అనుకునేవారు. 1921లో ఐరోపా నుంచి ఓడలో తిరిగివస్తూ మన సి.వి.రామన్ గారు ఆ మాటను అనుమానించారు. నీరు కూడా కాంతిని చెదరగొడుతుందని చూపించారు. ఆ అనుమానమే పెరిగి 1928 ఫిబ్రవరి 28న "రామన్ ఎఫెక్ట్" అయింది, 1930లో నోబెల్ బహుమతి తెచ్చింది. "ఇది ఏ సబ్జెక్టులోది?" అని అడగకుండా "ఇది ఇలా ఎందుకుంది?" అని అడిగినందువల్ల వచ్చిన ఫలితం అది.

మూడవ జవాబు: రంగు చూసే కంటిలో ఉంది

"చీకట్లో మందారం ఎర్రగా ఉంటుందా?" అని ఒక విద్యార్థి తన వ్యాసాన్ని ప్రశ్నతో ముగించాడు. ఇదే ప్రశ్నను ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ 1690లో ఒక ఎర్రరాయిని ఉదాహరణగా తీసుకొని వేశాడు. వెలుతురును అడ్డగిస్తే ఆ రాయి రంగు మాయమవుతుంది, కాని రాయి ఆకారం, బరువు ఎక్కడికీ పోవు. కాబట్టి ఆకారం, పరిమాణం, కదలిక వంటివి వస్తువులో నిజంగా ఉన్న ప్రాథమిక గుణాలనీ, రంగు, రుచి, వాసన వంటివి మనలో అనుభూతిని కలిగించే శక్తులు మాత్రమేననీ ఆయన విభజించాడు.

ఆయనకు ముందే 1623లో ఇటలీలో గెలీలియో ఇంకా సులభంగా చెప్పాడు. ఈకతో మన అరికాలు మీద రాస్తే చక్కిలిగింత పుడుతుంది. మరి చక్కిలిగింత ఈకలో ఉందా? లేదు, మనలో ఉంది. రంగు కూడా అలాంటిదేనని ఆయన వాదం.

కంటిలో ఏం జరుగుతుందో 1802లో థామస్ యంగ్ ఊహించి చెప్పాడు. మూడు రకాల గ్రాహకాలు ఉంటే చాలు, వాటి కలయికతో అన్ని రంగులూ చూడవచ్చని అతని ఊహ. అది నిజమేనని తర్వాత తేలింది. మన కంటి రెటీనాలో సుమారు 60 లక్షల శంకుకణాలు మూడు రకాలుగా ఉన్నాయి. కుక్కకు రెండు రకాలే. తేనెటీగ మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా చూస్తుంది. మనకు ఒకే పసుపుగా కనిపించే పువ్వు మీద దానికి గుర్తులు కనిపించవచ్చు. మరి ఆ పువ్వు అసలు రంగు ఏది? మనం చూసేదా, తేనెటీగ చూసేదా?

ఇంకొక ప్రయోగం. తెల్లకాగితం మీద ముదురు ఎరుపు చుక్క పెట్టి, కన్ను కదపకుండా అరనిమిషం చూడండి. తర్వాత ఖాళీ తెల్లగోడను చూడండి. నీలం కలిసిన ఆకుపచ్చ చుక్క ఒకటి తేలుతుంది. గోడ మీద ఆ రంగు లేదు, ఆ రంగు వెలుతురూ రావడం లేదు. అయినా మీకు కనిపిస్తోంది.

లాక్ ఇంకొక చిక్కుప్రశ్న కూడా వేశాడు. ఒకరికి బంతిపువ్వును చూస్తే కలిగే అనుభూతి, ఇంకొకరికి ఊదారంగు పువ్వును చూస్తే కలిగితే? ఇద్దరూ బంతిపువ్వును "పసుపు" అనే పిలుస్తారు, ఎందుకంటే ఇద్దరికీ చిన్నప్పుడు అలాగే నేర్పారు. తేడా ఎప్పటికైనా బయటపడుతుందా?

ఇది ఊరికే బుద్ధికి మేత అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక వేపచెట్టు నాకు బుద్ధి చెప్పేదాకా.

వేపచెట్టు చెప్పిన పాఠం

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట చిత్రలేఖనం పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు వేపచెట్టు గీశాడు. గీత ఎంతో బాగుంది, కొమ్మల వంపు, కింద పడుకున్న మేకలు, అన్నీ సజీవంగా ఉన్నాయి. కాని ఆకులకు మట్టిరంగు వేశాడు, మొద్దుకు ఆకుపచ్చ వేశాడు. నేను ఆ కాగితాన్ని అందరికీ చూపించి, "ఎప్పుడైనా చెట్టును చూశావా నువ్వు?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడు తల వంచుకొని, "రోజూ చూస్త సార్. మేకలు కాసేది దాని కిందనే. నాకు అట్లనే కనబడ్తది" అన్నాడు. ఎదురు చెబుతున్నాడనుకొని నేను కాగితాన్ని పక్కన పడేశాను. వాడు ఆ తర్వాత బొమ్మలు వేయడం మానేశాడని నాకు చాలా కాలానికి తెలిసింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక రోజు ఫోన్ వచ్చింది. "సార్, వేపచెట్టు గుర్తుందా?" అన్నాడు. రైలు నడిపే ఉద్యోగానికి రాత్రింబవళ్ళు చదివి రాతపరీక్ష గట్టెక్కాడట. వైద్య పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదని తేలి ఆగిపోయాడట. "నాకు అప్పటిదాక తెల్వదు సార్. మీకు ఆ రోజే తెలిసి ఉంటే చెప్పేటోళ్ళు గదా" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. ఆ రోజు అతను అబద్ధం చెప్పలేదు, తెలివితక్కువ పని చేయలేదు. తన కంటికి కనిపించిన సత్యాన్ని గీశాడు. సైన్సు చదివిన నేనే ఆ సత్యాన్ని గుర్తించలేదు.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ మీకు తెలుసు. ఆయనకూ ఈ లోపం ఉంది. 1794లో తన చూపు గురించి తానే వ్యాసం చదివాడు. తన కంటిలోని ద్రవం నీలిరంగులో ఉండడం వల్ల ఇలా జరుగుతోందని అనుకొని, తాను చనిపోయాక కన్ను పరీక్షించమని కోరాడు. 1844లో చూస్తే ద్రవం స్వచ్ఛంగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి నుంచి 1995లో డి.ఎన్.ఏ. తీసి పరీక్షించి, ఒక రకం శంకుకణాలకు చెందిన జన్యువు లేదని తేల్చారు. ఆ జన్యువు X క్రోమోజోము మీద ఉంటుంది. మగవారికి X ఒక్కటే కాబట్టి ఈ లోపం వారిలో ఎక్కువ. ఐరోపా సంతతి వారిలో మగవారికి 100 మందిలో సుమారు 8 మందికి, ఆడవారికి 200 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క.

దీనిని కనిపెట్టడం చాలా తేలిక. 1917లో జపాన్ వైద్యుడు షినొబు ఇషిహారా తయారుచేసిన చుక్కల పటాలతో కొద్ది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. హాస్టల్‌కు వైద్యులు వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి. రైలు నడపడం వంటి కొన్ని ఉద్యోగాలకు రంగుల చూపు తప్పనిసరి. ముందే తెలిస్తే వేరే దారి ఎంచుకోవచ్చు. దారులు చాలా ఉన్నాయి. ఈ లోపం ఉన్న విద్యార్థులకు వైద్యవిద్యలో ప్రవేశం ఇవ్వాలని 2017లోనూ, పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో అన్ని కోర్సుల్లోనూ చేర్చుకోవాలని 2022లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఫోన్ చేసిన ఆ తమ్ముడు కూడా మరో పరీక్ష రాసి ఇప్పుడు ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాడు. మళ్ళీ బొమ్మలు వేస్తున్నాడు, పెన్సిల్‌తో.

ఈసారి ఈ అంశం ఎందుకు ఇచ్చానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

తెలుసుకోవడం, చూడడం

ఇక్కడ ఇంకొక ఆలోచన చెప్పాలి. 1982లో ఆస్ట్రేలియా తత్వవేత్త ఫ్రాంక్ జాక్సన్ ఒక కథ కల్పించాడు. మేరీ అనే శాస్త్రవేత్త పుట్టినప్పటి నుంచి నలుపు తెలుపులు మాత్రమే ఉన్న గదిలో పెరిగింది. పుస్తకాల ద్వారా రంగుల శాస్త్రమంతా నేర్చుకుంది. ఒకరోజు తలుపు తెరుచుకొని బయటికి వచ్చి మొదటిసారి ఎర్రని పండును చూసింది. ఆమె కొత్తగా ఏమైనా తెలుసుకుందా, లేదా?

తెలుసుకుందని జాక్సన్ అన్నాడు. కాదని చాలామంది వాదించారు. చివరికి జాక్సన్ కూడా తన అభిప్రాయం మార్చుకున్నాడు. ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. నేను దానిని మీకు ఇలా అడుగుతాను. హాస్టల్ గురించిన ఫైళ్ళన్నీ చదివిన వ్యక్తికి ఎన్ని మంచాలున్నాయో, ఎన్ని కిలోల బియ్యం వచ్చాయో తెలుసు. ఇంటి మీద బెంగతో మొదటి రాత్రి ట్రంకుపెట్టె పక్కన పడుకున్న ఆరో తరగతి పిల్లవాడికి తెలిసినది ఆ వ్యక్తికి తెలుసా? ఆలోచించండి.

నాలుగవ జవాబు: రంగు మాటలో ఉంది

"పచ్చ అంటే ఏ రంగు?" అని ఒకరినొకరు అడిగి చూడండి. పచ్చని చేను అంటాం, పచ్చకామెర్లు అంటాం. ఒకటి ఆకు రంగు, రెండవది పసుపు రంగు. రెండింటికీ ఒకే మాట ఉండి, అవసరమైనప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసుకుంటున్నాం. అలాగని మన పెద్దలకు ఆకుకూ పసుపుకొమ్ముకూ తేడా తెలియదని కాదు కదా!

ఇంగ్లండులో తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన గ్లాడ్‌స్టన్, గ్రీకు మహాకవి హోమర్ కావ్యాలలో రంగుల మాటలు చాలా తక్కువగా, వింతగా ఉన్నాయని 1858లో గుర్తించి, ఆ కాలపు గ్రీకుల రంగుల చూపు పూర్తిగా వికసించలేదేమో అనుకున్నాడు. మాట లేనంత మాత్రాన చూపు లేదనడం సరికాదని తర్వాతివారు తేల్చారు. 1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 98 భాషలను పోల్చి, ఏ భాషలోనైనా రంగుల మూలపదాలు ఒక వరుసలో ఏర్పడతాయని ప్రతిపాదించారు. నలుపు, తెలుపులకు మొదట మాటలు వస్తాయి, తర్వాత ఎరుపుకు వస్తుంది. దీని మీద విమర్శలూ వచ్చాయి.

మన తెలుగులో మాత్రం రంగుల పేర్లకు కొదవ లేదు. ఇటుక రంగు, గోధుమ రంగు, బూడిద రంగు, చిలకపచ్చ, ఉల్లిపొర రంగు, కనకాంబరం రంగు, నెమలికంఠం రంగు, ముక్కుపొడుం రంగు. ఇవన్నీ వంటింటి నుంచి, పొలం నుంచి, మగ్గం నుంచి వచ్చినవి. పనిచేసే మనుషులు పెట్టిన పేర్లు ఇవి.

"వర్ణం" అనే మాట మరీ చిత్రమైనది. రంగు అని ఒక అర్థం, అక్షరం అని ఇంకొక అర్థం (వర్ణమాల), చాతుర్వర్ణ్యం అన్నప్పుడు మనుషుల తరగతి అని మరో అర్థం. ఈ మూడవ అర్థం మన తాతముత్తాతల బతుకులను శాసించింది. వర్ణం అంటే ఒంటిరంగు అనీ, కులభేదాలు రంగుభేదాల నుంచి పుట్టాయనీ చాలామంది పండితులు రాశారు. డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ 1946లో వెలువడిన తన "శూద్రులెవరు?" గ్రంథంలో ఈ వాదాన్ని పరిశీలించి తిరస్కరించారు. వర్ణం అనే మాటకు మొదట ఒంటిరంగుతో సంబంధం లేదనీ, ఒక విశ్వాసాన్ని పాటించే వర్గమని దాని అర్థమనీ ఆయన నిర్ణయం. ఒక మాటను దాని మూలందాకా వెళ్ళి ప్రశ్నించడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ గ్రంథం చదవండి.

అమ్మ ముఖానికి ఏ రంగు వేయాలి?

ఇప్పుడు చిత్రలేఖనం పోటీ గురించి. పొలంలో, ఇటుకబట్టీలో, బీడీల చాట ముందు, వంటగదిలో మీ అమ్మలను చాలా చక్కగా గీశారు. కాని చాలా బొమ్మల్లో అమ్మ ముఖానికి క్రేయాన్ల డబ్బాలోని లేత గులాబీ రంగునే వేశారు. ఎందుకని అడిగితే, "అది స్కిన్ కలర్ సార్" అన్నారు. ఎవరి చర్మం అది? ఆ కాగితాల్లో చీరలు మీ అమ్మలవే, చేతిలో కొడవళ్ళూ వారివే, ముఖాలు మాత్రం వారివి కావు. నాకు చాలా బాధ కలిగింది.

అమెరికాలో క్రేయోలా కంపెనీ కూడా ఒకప్పుడు అలాంటి రంగుకు "మనిషి చర్మం" అని అర్థం వచ్చే పేరు పెట్టి, 1962లో దానిని మార్చి ఒక పండు పేరు పెట్టింది. పేరు తప్పని అక్కడివారు ఒప్పుకున్నారు. మనం మాత్రం ఆ మాటను ఇంకా వదలడం లేదు.

సైన్సు ఏం చెబుతుందో వినండి. నల్లగా ఉన్నవారికైనా, తెల్లగా ఉన్నవారికైనా చర్మంలో మెలనిన్ తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒక్కటే. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదానిలోనే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా పడే ప్రాంతాలలో మెలనిన్ శరీరాన్ని, రక్తంలోని ఫోలేట్ అనే విటమిన్‌ను కాపాడుతుంది. ఎండ తక్కువగా ఉండే ప్రాంతాలలో విటమిన్ డి తయారవడానికి లేత చర్మం ఉపయోగపడుతుంది. నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశోధనలో ప్రపంచంలోని చర్మపు రంగులను ఎండ తీవ్రతతో పోల్చి ఈ సంబంధాన్ని చూపించారు. అంటే నలుపు అనేది ఎండకు శరీరం పట్టిన గొడుగు. అందులో ఎక్కువ తక్కువలు ఎక్కడున్నాయి?

ఇక్కడే మన ప్రశ్నకు అసలైన జవాబు దొరుకుతుంది. రంగు కలగడానికి వస్తువు, వెలుతురు, కన్ను మూడూ కావాలి. పేరు పెట్టడానికి మాట కావాలి. కాని "ఈ రంగు గొప్పది, ఆ రంగు తక్కువది" అనే తీర్పు మాత్రం వస్తువులో లేదు, వెలుతురులో లేదు, కంటిలోనూ లేదు. న్యూటన్ పట్టకంలోంచి అది ఎన్నడూ బయటికి రాలేదు. దానిని కలిపింది మనుషులు. మనుషులు కలిపినదానిని మనుషులే తీసివేయగలరు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల ప్రకటనలో రంగును బట్టి ఎవరి హక్కులకూ తేడా ఉండరాదని రాసుకున్నది అందుకే.

మొదటి బహుమతి పొందిన చిత్రాన్ని మీరంతా చూశారు. మిరప కల్లంలో కూర్చున్న అమ్మ. చుట్టూ ఎర్రని కాయలు. ముఖం ముదురు గోధుమ వన్నెలో ఎండకు మెరుస్తోంది, చెంప మీద కాయల ఎరుపు కొంచెం పడింది. ఈ రంగు ఎక్కడిదమ్మా అని అడిగితే ఏడో తరగతి చదివే ఆ చెల్లెలు, "డబ్బాలో లేదు సార్. మట్టిరంగు, నలుపు, కొంచెం ఎరుపు కలుపుకున్నా. అమ్మను గుర్తు చేసుకుంటూ నాలుగుసార్లు కలిపితే వచ్చింది" అని చెప్పింది.

పాఠసారాంశం, అభ్యాసం

1. రంగు వస్తువులో ఉందనడానికి ఒక కారణం, లేదనడానికి ఒక కారణం రాయండి. రెండింటినీ సమానమైన నిజాయితీతో రాయాలి.

2. ఒకే ఆకును ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 6 గంటలకు చూసి మూడుసార్లు రంగు వేయండి. ఆకు రంగు ఆకుపచ్చ అని ముందే అనుకోకుండా చూసి వేయండి.

3. మీ ఇంట్లో, మీ ఊరిలో వాడే రంగుల పేర్లు 20 సేకరించండి. ఏ పనివారి నుంచి ఏ పేరు వచ్చిందో పెద్దలను అడగండి.

4. ఎరుపు కలిసిన పసుపు ఉంది, ఎరుపు కలిసిన నీలం ఉంది. ఎరుపు కలిసిన ఆకుపచ్చను ఎందుకు ఊహించలేకపోతున్నాం? తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ 1951లో చనిపోయేముందు చివరి నెలల్లో ఇలాంటి ప్రశ్నలతోనే నోటుపుస్తకాలు నింపాడు. అవి 1977లో "రంగుల మీద వ్యాఖ్యలు" అనే పుస్తకంగా వచ్చాయి. మీరూ ప్రయత్నించండి.

5. మీ పక్కవాడు వేసిన రంగు మీకు తప్పుగా కనిపిస్తే నవ్వకండి. "నీకు ఎలా కనిపిస్తోంది?" అని అడగండి.

ఈ ఐదవది పరీక్షల్లో రాదు. కాని నేను ఆ రోజు ఆ వేపచెట్టు ముందు అడగవలసిన ప్రశ్న అదొక్కటే. వచ్చే ఏడాది పోటీలలో మీ అందరి చిత్రాల్లో మీ మీ అమ్మల ముఖాలను వారి వారి రంగుల్లోనే చూడాలని కోరుకుంటూ, బాగా చదివి వృద్ధిలోకి రావాలని ఆశీర్వదిస్తూ,

మీ అన్నయ్య,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి